‘అట’ పోయి ‘తెలుస్తోంది’ వచ్చింది

తెలుగులో ‘అట’ అనే చిన్న మాట ఉంది. వాక్యం చివర అది చేరిందంటే, చెబుతున్నవాళ్ళు కళ్ళారా చూడలేదని, ఎవరి నోటో విన్నారని అర్థం. ‘పక్కింటబ్బాయి ఉద్యోగం మానేశాడు’ అంటే ఒకటి, ‘మానేశాడట’ అంటే మరొకటి. మొదటిదానికి చెప్పినవాళ్ళది పూచీ. రెండోదానికి పూచీ లేదు, ఆ సంగతిని దాచడమూ లేదు. అక్షరం ముక్క రాని అవ్వ కూడా ఈ తేడా పాటిస్తుంది. పాటించకపోతే ‘నువ్వు చూశావా?’ అని అరుగు మీదే నిలదీసేవాళ్ళు ఉంటారు.

టీవీ వార్తల్లో ఈ ‘అట’ దాదాపు వినపడదు. దాని జాగాలో ‘తెలుస్తోంది’, ‘సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాల కథనం’ కూర్చున్నాయి. అన్నీ ఒకే పని చేస్తున్నట్టు పైకి కనిపిస్తాయి గానీ, చేసేది సరిగ్గా తలకిందుల పని. ‘విడిపోతున్నారట’ అన్నవాళ్ళు తమకు తెలియదని, విన్నామని ఒప్పుకుంటున్నారు. ‘విడిపోతున్నట్టు తెలుస్తోంది’ అన్నవాళ్ళు తమకు తెలిసిందని చెప్పుకుంటున్నారు. ఎవరికి తెలుస్తోంది, ఎవరు చెబితే తెలిసింది అన్నది ఆ వాక్యంలో ఎక్కడా ఉండదు. గాసిప్ ఒంటి మీదున్న నిజాయితీ గుర్తును చెరిపేసి వార్త వేషం కట్టించడం ఈ క్రియాపదం దగ్గరే మొదలవుతుంది. వదంతులు టీవీలోకి ఎలా చొరబడుతున్నాయని అడిగితే అందరూ టీఆర్‌పీల వైపు వేలు చూపిస్తారు. అంతకంటే ముందు ఈ వ్యాకరణాన్ని చూడాలి.

గాసిప్ టీవీతో పుట్టలేదు. పత్రికల్లో ‘అని వినికిడి’, ‘అని భోగట్టా’ అన్న మాటలు ఏనాటి నుంచో ఉన్నాయి. ‘సితార’, ‘జ్యోతిచిత్ర’ లాంటి సినిమా వారపత్రికలు వచ్చే రోజుల్లో సినిమావాళ్ళ గుసగుసల కోసం పాఠకులు ఎదురుచూసేవాళ్ళు. అయితే ఆ గుసగుసలకు ఒక పేజీ, ఒక గడి, ఒక శీర్షిక ఉండేవి. అది చదివేవాళ్ళకు తాము చదువుతున్నది ఏమిటో తెలుసు. దినపత్రిక మొదటి పేజీలో వరద వార్త పక్కన ఆ గుసగుస వచ్చేది కాదు. రెంటికీ మధ్య ఒక గోడ ఉండేది.

టీవీలోనూ మొదట్లో ఆ గోడ ఉంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న వచ్చాయి. తొలి న్యూస్ రీడర్ శాంతి స్వరూప్ టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో కాగితాలు ముందు పెట్టుకుని, వీలైనంత కంఠస్థం చేసి, కెమెరా వైపు చూస్తూ చదివేవారు. 2024 ఏప్రిల్ 5న ఆయన కన్నుమూసినప్పుడు ఒక తరం మొత్తం ఆ గొంతును తలుచుకుంది. అలాగని ఆ వార్తలను నెత్తిన పెట్టుకోనక్కర లేదు. ప్రభుత్వానికి నచ్చనివి అందులో కనిపించేవి కావు. అది పెద్ద లోటే. కానీ అందులో చెప్పిన ప్రతి వాక్యానికీ ఒక ముగింపు ఉండేది, జరిగింది, ప్రకటించారు, వెల్లడించారు అని. రోజుకు ఒక బులెటిన్ కాబట్టి, తేలని సంగతిని రేపటికి వాయిదా వేసే వెసులుబాటు ఉండేది.

2003 చివర్లో ఈటీవీ2, 2004లో టీవీ9, తర్వాత అయిదారేళ్ళలో టీవీ5, ఎన్‌టీవీ, సాక్షి, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి వచ్చాయి. గ్రామాల సమస్యలు, అధికారుల నిర్లక్ష్యం, ఆస్పత్రుల దుస్థితి తెర మీదికి వచ్చిందీ ఈ చానళ్ళ వల్లే. ఆ మేలు మరిచిపోకూడదు. అయితే వాటితో పాటు 24 గంటల గడియారం కూడా వచ్చింది. గడియారం ఆగదు, తేలని సంగతి రేపటి దాకా ఆగలేదు. ఇప్పుడే, ఈ నిమిషమే ఏదో ఒకటి చెప్పాలి.

ఒక వదంతి సాయంత్రం పూట న్యూస్‌రూమ్‌లోకి వచ్చి చేసే ప్రయాణాన్ని దగ్గర నుంచి చూస్తే సంగతి తేటపడుతుంది. ఎవరో నటుడు ఆస్పత్రిలో చేరాడని వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది. అసైన్‌మెంట్ డెస్క్ వెంటనే రిపోర్టర్‌కు ఫోన్ చేస్తుంది. ఇంకా ధ్రువపడలేదని అతను చెబుతాడు. ఈలోగా పక్క చానల్లో స్క్రోలింగ్ వచ్చేస్తుంది. మనం వెనకబడ్డాం అన్న కంగారు మొదలవుతుంది. ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్‌ (పీసీఆర్‌) నుంచి తెర మీద ఎర్ర రంగు బ్రేకింగ్ ప్లేట్ పడుతుంది. అందులో నాలుగు మాటలు, చివర ఒక ప్రశ్నార్థకం. చూపించడానికి కొత్త విజువల్స్ ఏమీ లేవు. ఎప్పుడో ఒక ఫంక్షన్‌కు ఆయన కారు దిగుతున్న ఫైల్ విజువల్స్ ఉన్నాయి, వాటినే తిప్పి తిప్పి వేస్తారు. ‘ఫైల్’ అన్న అక్షరాలు మూలన చిన్నగా ఉంటాయి, లేదా ఉండవు. తర్వాత ఫోనో, అంటే రిపోర్టర్‌ను ఫోన్‌లో లైవ్‌లోకి తీసుకోవడం.

యాంకర్ అడుగుతుంది: ‘అక్కడ తాజా పరిస్థితి ఏమిటి?’ రిపోర్టర్ మొదలుపెడతాడు: ‘ప్రస్తుతం చూసుకున్నట్లయితే...’ ఆ ‘చూసుకున్నట్లయితే’ తర్వాత వచ్చేది డెస్క్ అతనికి ఫోన్‌లో చెప్పిన సంగతే. డెస్క్‌కు అది వాట్సాప్‌లో వచ్చింది. అంటే అదే మాట డెస్క్ నుంచి రిపోర్టర్‌కు వెళ్ళి, అతని గొంతులో తిరిగి తెర మీదికి చేరింది. చూసేవాళ్ళకు మాత్రం సంఘటన స్థలం నుంచి మనిషి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. పది నిమిషాల తర్వాత మూడో చానల్ ఈ రెండింటినీ చూసి తనూ వేస్తుంది. ఇప్పుడు వార్త మూడు చోట్ల ఉంది కాబట్టి ఇంట్లో కూర్చున్నవాళ్ళు నిజమే అనుకుంటారు. మూలం మాత్రం ఆ ఒక్క మెసేజే. ‘పుకార్లు షికార్లు చేస్తున్నాయి’ అని చివర్లో అదే చానల్ ప్రకటిస్తుంది. వాటిని షికారుకు తిప్పిన బండి ఏదో చెప్పదు.

ఆ ప్రశ్నార్థకం గురించి ఆగి మాట్లాడుకోవాలి. ‘ఫలానా జంట విడాకులు?’ అన్న ప్లేట్‌లో అక్షరాలు పెద్దవి, గుర్తు చిన్నది. కురుక్షేత్రంలో ధర్మరాజు ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా అని, ‘కుంజరః’ అని మెల్లగా అన్న కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ద్రోణుడు విన్నది మొదటి సగమే. తెర మీద ప్రశ్నార్థకం చేసే పని ఆ ‘కుంజరః’ చేసిన పనే. రేపు నోటీసు వస్తే ‘మేము ప్రశ్నే అడిగాం’ అనడానికి పనికొస్తుంది. ఈ ఎత్తును మన చట్టం ఎప్పుడో ఊహించింది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనల్లో 6వ నిబంధన ప్రోగ్రామ్ కోడ్. అబద్ధాలనూ పరువు తీసే మాటలనూ మాత్రమే నిషేధించి అది ఊరుకోలేదు. సూచనప్రాయమైన దెప్పుళ్ళను, అర్ధసత్యాలను కూడా పేరు పెట్టి నిషేధించింది. ముప్పై ఏళ్ళుగా ఆ మాట పుస్తకంలో ఉంది.

ఇది సినిమావాళ్ళ ఇళ్ళ ముచ్చట్లతో ఆగిపోతే నష్టం కొద్దిమందిదే అనుకోవచ్చు. ఆగదని తెలుగు నేల ఒకసారి కళ్ళారా చూసింది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. ఆ దుఃఖం తీరక ముందే డిసెంబర్‌లో తెలంగాణ ప్రకటన, దాని వెంట రెండు ప్రాంతాల్లో ఆందోళనలు వచ్చాయి. రాష్ట్రం నిప్పు మీద ఉన్న ఆ రోజుల్లో, 2010 జనవరి 7 సాయంత్రం టీవీ5 ఒక కథనం ప్రసారం చేసింది. రష్యాకు చెందినదంటూ ఒక వెబ్‌సైట్‌ను ఉటంకిస్తూ, హెలికాప్టర్ ప్రమాదం వెనుక రిలయన్స్ కుట్ర ఉందన్న ఆరోపణను చదివి వినిపించింది. మరికొన్ని చానళ్ళు అందుకున్నాయి. గంటల్లోనే అనేక జిల్లాల్లో రిలయన్స్ పెట్రోలు బంకుల మీద, దుకాణాల మీద దాడులు జరిగాయి. కథనం ప్రసారం చేసిన చానల్ పాత్రికేయులు ఇద్దరిని పోలీసులు అరెస్టు చేశారు. ఆ ఆరోపణకు ఆధారం ఏదీ బయటపడలేదు. ప్రమాదాన్ని పరిశోధించిన నిపుణుల కమిటీ, హెలికాప్టర్ పైనుంచి కిందికి తోసే తీవ్రమైన గాలిలో చిక్కుకుని అదుపు తప్పిందని తేల్చింది.

ఈ ఉదంతంలో ‘అట’ పోలేదు, ఒక రకంగా ఉంది. ఫలానా వెబ్‌సైట్ ఇలా రాసింది అని మూలం చెప్పారు. అయినా అగ్గి రాజుకుంది. ఎందుకంటే అరుగు మీద ‘అట’ పని చేయడానికి మరో కారణం ఉంది. చెప్పే మనిషి ఎవరో తెలుసు, ఆ మనిషి మాటకు ఊళ్ళో ఉన్న విలువ తెలుసు, ‘ఎవరన్నారు, వాళ్ళకెలా తెలుసు’ అని తిరిగి అడిగే వీలుంది. టీవీని తిరిగి అడగలేం. ఆ వెబ్‌సైట్ ఏమిటో, దాని మాటకు విలువెంతో విచారించాల్సింది చూసేవాళ్ళ తరఫున న్యూస్‌రూమే. ‘వాళ్ళు అన్నారు, మేము చెప్పాం’ అన్నప్పుడు వార్తా సంస్థ తన అసలు పనిని వదిలేసుకుంటోంది. ఎవరో అన్నారన్నది నిజం. అన్నది నిజమా కాదా అని తేల్చడానికే కదా డెస్కులు, ఎడిటర్లు ఉన్నది.

మూలం దగ్గర మౌనం ఉన్నప్పుడు ఊహ ఎంత దూరం వెళుతుందో శ్రీదేవి మరణం చూపించింది. 2018 ఫిబ్రవరి 24 రాత్రి ఆమె దుబాయ్‌లో చనిపోయారు. మొదట గుండె ఆగిందన్నారు. 26న దుబాయ్ అధికారులు, స్పృహ తప్పి స్నానపు తొట్టిలో ప్రమాదవశాత్తూ మునిగిపోయారని ప్రకటించారు. 27న కేసు మూసేశారు. 28న ముంబయిలో అంత్యక్రియలు. ఈ నాలుగు రోజుల్లో అధికారికంగా తెలిసింది నాలుగైదు వాక్యాలకు మించదు. తెర మీద మాత్రం రాత్రింబవళ్ళు చర్చలే. గ్రాఫిక్స్‌లో బాత్‌రూమ్ కట్టారు, తొట్టి లోతు ఎంతో కొలిచారు. ఒక తెలుగు చానల్ విలేఖరి స్నానపు తొట్టిలోకి దిగి పడుకుని, మనిషి ఎలా మునిగిపోవచ్చో చూపించాడు. యాభై ఏళ్ళు నటించిన మనిషి. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి తెలుగువాళ్ళు ఇంటి పిల్లలా చూసుకున్న మనిషి. ఆమె కూతుళ్ళు తల్లి శవం కోసం ఎదురుచూస్తున్న గంటల్లో ఇది ప్రసారమైంది. దీనికి ఎవరి దగ్గరా సమర్థన లేదు.

ఇప్పుడు టీఆర్‌పీల మాట. దేశంలో రేటింగులు లెక్కించేది బార్క్. 2020 నాటికి దాని మీటర్లు ఉన్న ఇళ్ళు 44 వేల చిల్లర. టీవీ ఉన్న ఇళ్ళు దాదాపు 21 కోట్లు. ఒక మీటరు ఇల్లు దాదాపు అయిదు వేల ఇళ్ళ తరఫున మాట్లాడుతుందన్న మాట. గురువారం వచ్చే ఆ అంకెల కోసం న్యూస్‌రూములు పరీక్ష ఫలితాల కోసం పిల్లలు చూసినట్టు చూస్తాయి. అందుకే గాసిప్‌కు రేటింగులే మూలకారణమని చాలామంది నమ్ముతారు. నిజంలో కొంత భాగమే అది. 2020 అక్టోబర్‌లో ముంబయి పోలీసులు టీఆర్‌పీ అక్రమాల కేసు బయటపెట్టాక బార్క్ న్యూస్ చానళ్ళ రేటింగులను ఆపేసింది. 2022 మార్చి దాకా, దాదాపు 17 నెలలు, వార్తలకు రేటింగులే లేవు.

ఆ 17 నెలల మధ్యలోనే, 2021 అక్టోబర్ 2న, సమంత, నాగచైతన్య విడిపోతున్నట్టు ప్రకటించారు. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుగువాళ్ళందరికీ గుర్తుంది. ఒక స్త్రీ వ్యక్తిగత జీవితం మీద, ఆరోగ్యం మీద, నడవడి మీద వారాల తరబడి నోటికొచ్చింది మాట్లాడారు. ఆమె కొన్ని యూట్యూబ్ చానళ్ళ మీద కూకట్‌పల్లి కోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. ఆ వీడియోలు తొలగించాలని అదే నెలలో కోర్టు ఆదేశించింది. రేటింగ్ మీటరు ఆగిపోయినా గాసిప్ ఆగలేదంటే దాన్ని నడిపిస్తున్న యంత్రం వేరే చోట ఉంది. ప్రతి న్యూస్ చానల్‌కూ ఇప్పుడు ఒక యూట్యూబ్ చానల్ ఉంది. అక్కడ గురువారం దాకా ఆగక్కర్లేదు, క్షణక్షణం లెక్క కనపడుతుంది. బులెటిన్‌లో జాగ్రత్తగా చదివిన ముక్కకే అక్కడ వేరే థంబ్‌నెయిల్, వేరే శీర్షిక పడతాయి. ఏడుస్తున్న పాత ఫొటో ఒకటి, ఎర్ర బాణం ఒకటి.

ఇంకో కారణం ఖర్చు. పోలవరం నిర్వాసితుల పరిస్థితి మీద ఒక అరగంట కార్యక్రమం చేయాలంటే కెమెరామన్, కారు, నాలుగైదు రోజులు, విషయం తెలిసిన రిపోర్టర్ కావాలి. విడాకుల వదంతి మీద అరగంటకు స్టూడియోలో నలుగురు కూర్చుంటే చాలు. మండల స్థాయిలో పనిచేసే స్ట్రింగర్లలో చాలామందికి నెల జీతమే లేదు. వార్తకు ఇంత అనో, తెచ్చిన ప్రకటనల మీద కమీషన్ అనో ఇస్తారు. వార్త తేల్చుకోవడానికి తిరిగే తిరుగుడుకు డబ్బు ఇవ్వని వ్యవస్థలో తేలని వార్తలే ఎక్కువగా వస్తాయి. ఇందులో విలేఖరిని దోషిని చేసి లాభం లేదు. 2024 డిసెంబర్ 10 రాత్రి జల్‌పల్లిలో మోహన్‌బాబు ఇంటి గొడవ లైవ్‌లో నడుస్తుండగా, ఆయన మైకు లాక్కుని కొట్టడంతో ఒక టీవీ విలేఖరి ముఖం ఎముక విరిగి ఆస్పత్రి పాలయ్యాడు. తర్వాత మోహన్‌బాబు ఆస్పత్రికి వెళ్ళి క్షమాపణ చెప్పారు. ఆ దెబ్బ ముమ్మాటికీ తప్పే. ఒక కుటుంబంలోని ఆస్తి తగాదా గేటు ముందు రాత్రి దాకా అతన్ని నిలబెట్టిన నిర్ణయం మాత్రం స్టూడియోలోనే జరిగింది.

దిద్దుబాటు యంత్రాంగం ఉంది, కానీ బలహీనం. చనిపోయిన హిందీ నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ పేరిట పుట్టించిన ట్వీట్లను నిజమైనవిగా చూపించినందుకు 2020లో ఒక జాతీయ హిందీ చానల్‌కు బ్రాడ్‌కాస్టర్ల స్వీయ నియంత్రణ సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమంది. అప్పట్లో ఆ సంస్థ వేయగల గరిష్ఠ జరిమానా అంతే, 2008 నుంచీ అంతే. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ లక్ష దగ్గరే ఆగి, కార్యక్రమం మీద వచ్చే లాభానికి తగ్గట్టు జరిమానా ఉండాలి కదా అని అడిగింది. చూసేవాళ్ళ చేతిలోనూ ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. 2021 జూన్‌లో సవరించిన కేబుల్ నిబంధనల ప్రకారం ప్రేక్షకులు ఎవరైనా నేరుగా చానల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే స్వీయ నియంత్రణ సంస్థకు, ఆపైన కేంద్ర ప్రభుత్వ కమిటీకి వెళ్ళవచ్చు. ఫిర్యాదులో తేదీ, సమయం, తెర మీద కనిపించిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తే దానికి బలం వస్తుంది. ఫోన్‌తో తీసిన ఒక ఫొటో చాలు.

అప్పటిదాకా వదంతిని కాదనే పని ఆ మనుషుల నెత్తినే పడుతోంది. 2023 మార్చి 21, ఉగాదికి ముందు రోజు. కోట శ్రీనివాసరావు చనిపోయారని సోషల్ మీడియాలో పాకింది. పొద్దున్నుంచీ ఫోన్లు. చివరికి ఆయనే ఒక వీడియో చేసి తాను బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. జనం తరలివస్తారని, బందోబస్తు కోసం ఇంటికి పోలీసు వ్యాన్ కూడా వచ్చిందని అందులో చెప్పారు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి పండగ ముందు రోజును తన చావును ఖండించడానికి ఖర్చు పెట్టారు.

2020 ఆగస్టు 5న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కరోనాతో చెన్నై ఎంజీఎం ఆస్పత్రిలో చేరాక ఇలాంటిదే యాభై రోజులు నడిచింది. ఆగస్టు 24న ఆయనకు నెగెటివ్ వచ్చిందని వార్త తిరిగింది. మంచి వార్తే, జనం సంబరపడ్డారు, అదీ నిజం కాదు. కొడుకు చరణ్ ఫోన్ ముందు కూర్చుని అది నిజం కాదని చెప్పారు. నాన్న గురించిన ఏ సంగతైనా ముందు తనకే తెలుస్తుందని, తాను చెప్పేదాకా ఏదీ నమ్మవద్దని కోరారు. ఆ వీడియోల్లో సంగీతం లేదు, ఎర్ర ప్లేట్ లేదు. డాక్టర్లు చెప్పింది చెప్పేవారు, చెప్పనిది లేదనేవారు. తెలుగు, తమిళ ఇళ్ళలో జనం చానళ్ళు మార్చడం మానేసి వాటి కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. సెప్టెంబర్ 25న ఆస్పత్రి బులెటిన్ వచ్చింది. ఎక్కడ, ఏ కారణంతో చనిపోయారో అందులో ఉంది, ఎవరు ధ్రువీకరించారో ఉంది. సమయం మధ్యాహ్నం 1 గంట 4 నిమిషాలు అని ఉంది.